కార్ఖానాలో మా మేనత్త మేకలు

పోయిన నెల యాప్రాల్‌లో మా చిన్నమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు, ఎవరో ఒంటికి మంచిదన్నారని తెప్పించిన మేకపాల సీసా ఒకటి బల్ల మీద కనిపించింది. ఇంట్లోవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, మూత తీసి వాసన చూసి, ముఖం చిట్లించి, మళ్ళీ మూత పెట్టేసి వెళ్ళిపోతున్నారు. నిజానికి ఆ పాలకు వాసనేమీ లేదు, ఉంటుందన్న నమ్మకం తప్ప. నేను కాస్త వెచ్చబెట్టుకుని గ్లాసు నిండా తాగాను. పాలు వాసన వేస్తే ఆ తప్పు మేకది కాదనీ, మేకపోతును తెచ్చి పక్కనే కట్టేసినవాళ్ళదీ, కొట్టం శుభ్రం చేసుకోనివాళ్ళదీ అనీ మా మేనత్త ఎంతమందితో వాదించేదో తలుచుకుంటే, ఇంతకాలానికి కూడా ఆవిడ గొంతు చెవి పక్కనే వినిపించినట్లయింది.

నా ఈడువాళ్ళకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. దేశానికి స్వతంత్రం వచ్చింది కానీ మా హైదరాబాదు సంస్థానం సంగతి ఇంకా తేలలేదు. మాది కృష్ణా జిల్లా నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. అన్నయ్యకు సికింద్రాబాదులో రైల్వే గుమాస్తా ఉద్యోగం, నాకు అప్పుడప్పుడే దొరికిన పంతులమ్మ ఉద్యోగం. కార్ఖానాలో వెనక పెద్ద పెరడున్న పెంకుటింట్లో అద్దెకు ఉండేవాళ్ళం. అమ్మా నాన్నా మా చిన్నతనంలోనే పోవడంతో మమ్మల్ని సాకిన మేనత్తే ఇంటికి పెద్దదిక్కు. వదినకు అంతకుముందు ఇద్దరు బిడ్డలు పుట్టి దక్కలేదు. ఆ చలికాలంలో మూడో కాన్పులో ఆడపిల్ల పుట్టింది. పుట్టిన కొద్ది రోజులకే వదినకు జ్వరం తగిలి పాలు ఇంకిపోయాయి. ఆవుపాలు పడితే పిల్లకు విరేచనాలు, గేదెపాలు పడితే వాంతులు. పిల్ల కాళ్ళు నా వేళ్ళంత సన్నబడిపోతుంటే, వదిన ముఖంలోకి చూడటానికి మాలో ఎవరికీ ధైర్యం ఉండేది కాదు.

అప్పుడు మేనత్త మేకలను తెచ్చింది. కంటోన్మెంటులోని పటాలాలు ఖాళీ చేసి వెళ్ళిపోతున్న రోజులవి. ఉత్తరాది సిపాయి కుటుంబం ఒకటి వెంట తీసుకుపోలేక వదిలిన తెల్లమేక ఒకటి, మా పక్కింటి చిన్నమ్మ తన పుట్టిల్లు కాప్రా నుంచి తోలుకొచ్చిన నల్లమేక ఒకటి. తెల్లది పొడుగ్గా, దొరసానిలా ఉండేది. చెవులు దవడల కిందికి వేలాడేవి, పొదుగు నేలకు ఆనుతుందేమో అన్నట్లుండేది. నల్లది పొట్టిది, బిర్రుగా, గట్టిగా ఉండేది, ఇచ్చే పాలు తెల్లదాని పాలల్లో సగం కూడా లేవు. మేనత్త మనసు మాత్రం తెల్లదాని మీదే. నీళ్ళు కలిపి కాచిన ఆ పాలు వంటికి పట్టి, పిల్ల నిద్రపోవడం, ఆకలికి ఏడవడం, కాళ్ళు తన్నడం నేర్చుకుంది. వదిన కూడా నవ్వడం మొదలుపెట్టింది.

పక్కింటి చిన్నమ్మ వాళ్ళది వడ్లవాళ్ళ కుటుంబం, తరతరాలుగా ఈ ప్రాంతం వాళ్ళే. ఆయన తలుపులూ బండిచక్రాలూ చేసేవాడు, ఆవిడ తన మేకలతోపాటు మావాటినీ పొద్దున్నే కార్ఖానా దాటి ఉన్న రాళ్ళగుట్టల వైపు తోలుకుపోయేది. అక్కడ రేగుకంపా, తుమ్మకాయా, పేరు తెలియని ఆకులూ తలా కాస్త కొరుక్కుని, రాళ్ళెక్కి దిగి గిట్టలు అరగదీసుకుని, మధ్యాహ్నానికి తిరిగొచ్చేవి. వేసవి వచ్చేసరికి ఒక తేడా కనిపించింది. పెరట్లో మేం వేసిన రేకుల కొట్టం కింద నల్లది కళ్ళు మూసుకుని తాపీగా నెమరు వేస్తుంటే, తెల్లది పడుకోలేక నిలబడి నోరు తెరిచి ఎగపోసేది, మేత ముట్టేది కాదు, పాలు పలచబడి తగ్గిపోయేవి. మేనత్త రేకుల మీద మందంగా జొన్నసొప్ప పరిపించి నీళ్ళు చల్లించింది, ఎండ ముదరకముందే మేత పెట్టేది, ఒక పక్క తడిక తీసేసి గాలి ఆడనిచ్చింది. ఆ మాత్రానికే తెల్లది మళ్ళీ పడుకోవడం మొదలుపెట్టింది. సముద్రం గాలికి పెరిగిన మేనత్తకు కూడా ఇక్కడి పొడి ఎండ పడక ముక్కులోంచి రక్తం కారేది. తడిగుడ్డ నెత్తిన వేసుకుని ఆ మేక పక్కనే కూర్చునేది.

వానలు పడే వేళకు ఊళ్ళో గొడవలు ముదిరాయి. శివార్లలో ఏం జరుగుతోందో తెలియదు, ఆడవాళ్ళు ఒంటరిగా గుట్టల వైపు పోవద్దన్నారు. చిన్నమ్మ మేకలను తోలడం మానేసింది. కట్టేసిన మేకలకు ఏం పెట్టాలో మాకు తెలియలేదు. జొన్నలూ, తవుడూ, మిగిలిన అన్నమూ పెట్టాం. గింజలు తింటే పాలు పెరుగుతాయని మేనత్త నమ్మకం. ఒక మధ్యాహ్నం నేను బడి నుంచి వచ్చేసరికి తెల్లమేక ఎడమ డొక్క డోలులా ఉబ్బిపోయి, కాళ్ళు ఎడంగా పెట్టి, పళ్ళు కొరుకుతూ నిలబడి ఉంది. మేనత్త కేకలకు చిన్నమ్మ గోడ దాటి వచ్చింది.

"ఏందక్కా, గిట్ల గింజలు కుమ్మరించినవేంది? ఆకు తినే జీవి గది. జెర నూనె తే, జల్ది."

నువ్వులనూనె తాగించి, ముందు కాళ్ళు అరుగు మీదికి ఎత్తి పట్టుకుని, ఇద్దరూ చెరో పక్కనా డొక్క రుద్దుతూ కూర్చున్నారు. నేను దాని మెడ పట్టుకున్నాను. చాలాసేపటికి దాని నోట్లోంచి పులిసిన వాసనతో తేన్పులు మొదలయ్యాయి, పొట్ట మెత్తబడింది. మేక బతికింది కానీ పాలు మళ్ళీ పూర్వంలా రాలేదు, మెరిసే బొచ్చు గరుకుగా నిక్కబొడుచుకుంది. చిన్నమ్మ కూడా గుట్టకు తోలడమే తప్ప కట్టేసి మేపడం ఎరగనిదే. ఆ ఇద్దరూ కలిసి ఒకటి పెట్టి చూసి, మానేసి, మరొకటి పెట్టి చూసి నేర్చుకున్నదే అంతా.

ఆకు ఎక్కడినుంచి తేవాలన్నది తరవాతి చిక్కు. మా వెనకింట్లో ముసల్మాను కుటుంబం ఒకటి ఉండేది. పెద్దావిడను మేం ఖాలా అనేవాళ్ళం. ఆవిడా, నగరంలో సర్కారీ నౌకరీ చేసే కొడుకూ, కోడలూ. వాళ్ళ ఆవరణ నిండా వేప, రావి, చింత, అవిసె. మేనత్త మొహమాటపడుతూ గోడ దగ్గర నిలబడి అడిగితే ఆవిడ నవ్వింది.

"కోసుకో అమ్మా, ఫికర్ నక్కో. చెట్టు మళ్ళ చిగురేస్తది. పిల్లకి పాలు ముఖ్యం."

ఆ రోజు నుంచి వాళ్ళు కోసి గోడ మీదుగా అందించిన కొమ్మలను మేం తాడుతో పైకి వేలాడదీసేవాళ్ళం. నేల మీద వేస్తే తొక్కేసి వదిలేసే మేకలు, మెడ చాచి అందుకోవలసి వచ్చేసరికి ఆబగా తినేవి. తడి ఆకు పెట్టిన రోజున పెంటికలు జారుగా పడేవి, అందుకని వసారాలో ఆరబెట్టి పెట్టేవాళ్ళం. నడక లేక పెరిగిన గిట్టలను చిన్నమ్మ పెనిమిటి ఉలితో చెక్కేవాడు. అయినా వాన ఆగకపోవడంతో కొట్టంలో నేల చెమ్మెక్కి, తెల్లదానికి గిట్టల మధ్య పుండ్లు పడ్డాయి, రెండింటికీ దగ్గు పట్టుకుంది.

సరిగ్గా ఆ సమయంలోనే అన్నయ్య మమ్మల్ని బెజవాడ పంపేయాలని నిశ్చయించుకున్నాడు. తెలిసిన కుటుంబాలు ఒక్కొక్కటే రైలెక్కిపోతున్నాయి. సామాను సర్దడానికి ఆఫీసు దగ్గర్నుంచి పెద్ద పెద్ద చెక్కపెట్టెలు తెచ్చి వసారాలో పేర్చాడు. మరునాడు సాయంత్రం అతను ఇంటికొచ్చేసరికి వసారా ఖాళీ. కొట్టంలో, నేలకు మోకాలెత్తున, సందులు సందులుగా కొట్టిన చెక్కల అరుగు మీద మేకలు రెండూ పొడిగా పడుకుని ఉన్నాయి. చిన్నమ్మ పెనిమిటి పనిముట్లు మూట కట్టుకుంటున్నాడు.

"అత్తయ్యా, పెట్టెలు ఏవి?" అన్నాడు అన్నయ్య.

"కనిపించడం లేదూ?"

"మరి సామాను దేంట్లో సర్దుతాం?"

"ఏం సర్దుతావురా? మేకలు రైలెక్కవు."

"అక్కడ మాత్రం మేకలు దొరకవా?"

"దొరుకుతాయి. ఆ రైళ్ళలో నిలబడటానికే చోటు లేదంటున్నారు. దారిలో పాలు విరిగితే పిల్లకేం పడతావు? వాటి పాలు దీనికి పడకపోతే ఏం చేస్తావు? మీరంతా వెళ్ళండి. నేనూ పిల్లా ఇక్కడ ఉంటాం."

వదిన మేనత్త ఎదుట భర్తతో గట్టిగా మాట్లాడి ఎరగదు. పిల్లను ఎత్తుకుని లోపల్నుంచి వచ్చి, మేకల పక్కన ఆ చెక్కల అంచు మీద కూర్చుంది. అన్నయ్య కాళ్ళు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు. బెజవాడ ప్రసక్తి మా ఇంట్లో ఇక రాలేదు.

పొడి చెక్కల మీద దగ్గు తగ్గింది, పుండ్లు మానాయి. తెల్లది మాత్రం పూర్తిగా వట్టిపోయింది. అంత పెద్ద ఒళ్ళు తనను తాను నిలబెట్టుకోవడానికే ఆ ఆకు సరిపోయిందేమో. పోలీసు చర్య జరిగిన రోజుల్లో, తలుపులు మూసుకుని, విమానాల చప్పుడుకు చెవులొగ్గి, ఎవరింట్లోనో రేడియో ఏం చెప్పిందో గోడల మీదుగా అడిగి తెలుసుకుంటూ గడిపినప్పుడు, పిల్ల కడుపు నింపినది నల్లమేకే. మేనత్త దాన్ని ఏనాడూ పెద్దగా ముద్దు చేయలేదు. అదీ ఏమీ ఆశించినట్లు కనిపించేది కాదు. పెట్టింది తిని, ఇవ్వగలిగింది ఇచ్చింది.

సైన్యం వచ్చింది, వీధుల్లో జనం కేకలు వేశారు, మాకు గుండె నిబ్బరపడింది. అదే రోజున వెనకింటి గేటు మూతపడింది. కొమ్మలు రాలేదు. మేనత్త గోడ దగ్గర నిలబడి పిలిచింది, జవాబు లేదు. అన్నిచోట్లా ముసల్మానుల ఇళ్ళ మీద ఎలాంటి దాడులు జరుగుతున్నాయో అన్నయ్య గొంతు తగ్గించి చెబుతున్నాడు. నిన్నటిదాకా మేం పడ్డ భయం ఇవాళ వాళ్ళ ఇంట్లోకి వెళ్ళిందని నాకు అర్థమైంది. మరునాడు పొద్దున్నే మేనత్త ఒక చేత్తో పాలచెంబూ, ఒక చేత్తో మేకల తాళ్ళూ పట్టుకుని వీధి చుట్టూ తిరిగి వాళ్ళ గేటు తట్టింది. నన్ను తోడు రమ్మంది.

"బేగమ్మగారూ, నేనే. మేకలు ఆకలితో ఉన్నాయి, తలుపు తియ్యండి."

ఖాలా తలుపు కొద్దిగా తెరిచి మమ్మల్ని చూసి, మేనత్త చెయ్యి పట్టుకుంది. ఆ రోజు మొదలు మేనత్త మేకలను వాళ్ళ వేపచెట్టుకు, గేటులోంచి కనిపించేలా కట్టేసి, చీకటి పడేదాకా వాళ్ళ అరుగు మీద బైబిలు చదువుకుంటూ కూర్చునేది. ఒకనాడు మా వీధివాళ్ళు కాని కుర్రవాళ్ళు కొందరు గేటు దగ్గర ఆగారు.

"గీ ఇల్లు ఎవరిది, అమ్మా?"

"చూస్తున్నారుగా నాయనా, నా మేకలు మేస్తున్నాయి. మంచినీళ్ళు కావాలా?"

వాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. నల్లమేక కూడా నమలడం ఆపి వాళ్ళ వైపే చూస్తోంది. ఏమనుకున్నారో, వెళ్ళిపోయారు. మేనత్త పుస్తకంలోంచి తల ఎత్తలేదు. సాయంత్రం మాత్రం పాలు పితకడానికి కూర్చుని, చాలాసేపటికి లేచి, చెంబు నా చేతికిచ్చింది. ఇవాళ తన చేతికి మేక పాలు చేపడం లేదంది.

కొన్నాళ్ళకు అన్నీ సర్దుకున్నాయి. ఖాలా కొడుకు మళ్ళీ నౌకరీకి పోయాడు. పిల్ల గంజీ, మెత్తటి అన్నమూ తినసాగింది. తెల్లమేక పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉండటం చూసి చిన్నమ్మ, తన తల్లిగారింటికి తోలుకుపోతానంది. "నీ దగ్గర్నే ఉంటే గిది బతకదక్కా. జెర తిరగనియ్యి" అంది. మేనత్త ఏడ్చింది కానీ పంపింది. క్రిస్మసు వెళ్ళాక మేనత్తా నేనూ కాప్రా వెళ్ళాం. చెరువు పక్క బీడులో, మందలో, దూరం నుంచే పోల్చుకున్నాం దాన్ని. నడుం నిండింది, బొచ్చు మళ్ళీ మెరుస్తోంది, గిట్టలు నున్నగా అరిగాయి. మేనత్త దగ్గరికి వెళ్ళి చెవి నిమిరింది. అది ఆవిడ చెంగు వాసన చూసి, రేగుకొమ్మ కోసం పక్కకు తిరిగింది. వెనక్కి తోలుకెళ్దామనే వెళ్ళిన మేనత్త, ఆ మాట ఎత్తకుండానే తిరిగొచ్చింది. దారి పొడుగునా ఎంత బాగా ఒళ్ళు చేసిందో చెబుతూనే ఉంది.

ఆ పిల్ల పెరిగి, చదువుకుని, నాలాగే పంతులమ్మ పని చేసింది. ఖాలా పోయాక వాళ్ళు ఇల్లమ్ముకుని వెళ్ళిపోయారు. మేనత్త ఆ తరవాత చాలా ఏళ్ళు బతికింది. ఒకసారి గుడివాడ దగ్గర చుట్టాల పెళ్ళికని వెళ్ళి, నెల ఉంటానన్న మనిషి వారానికే తిరిగొచ్చేసింది. ఆ ఉక్కకు ఊపిరాడలేదట, కీళ్ళు పట్టేశాయట. స్టేషనులో దిగి, పొడిగాలి నిండుగా పీల్చి, "నా ఒళ్ళు ఇక్కడిదైపోయిందే" అంది నాతో, కాస్త సిగ్గుపడుతున్నట్లుగా. ఇక్కడి మట్టిలోనే కలిసింది.

మాకు ఈ ఊరు అలా, ఎండలో మాడి, వానలో తడిసి, ఏళ్ళ తరబడి ఒంటికి పట్టింది. ఇప్పుడు మా ఇంట్లో అన్ని కాలాలూ ఒకటే చల్లదనం, కిటికీలు తెరిచే పని లేదు. నాకూ హాయిగానే ఉంటుంది, కాదనను. కానీ ఈ గడ్డ మీదే పుట్టిన మా మునిమనవడు ఏప్రిల్ మధ్యాహ్నం గడప దాటి ఒక్క అడుగు బయట పెడితే చాలు, పరాయి ఊళ్ళో దిగినవాడిలా కళ్ళు చికిలించుకుని లోపలికి పరిగెత్తుకొస్తాడు.