జాగ్రత్త మేస్త్రి పెట్టిన రాగి ముక్క

కార్లకి పాటలు బిగించే మేస్త్రులు మామూలుగా మొండి ఘటాలు. కరెంటు వైరు నోట్లో పెట్టుకుని పళ్లతో తోలు వలిచేస్తారు, బండి నడుస్తుండగానే లోపల చెయ్యి పెడతారు. మన మేస్త్రి అలాంటివాడు కాదు. పుట్టు పిరికి. ఇంటికి తాళం వేసి సందు చివరిదాకా వెళ్లి, వెనక్కొచ్చి తాళం లాగి చూసి, మళ్లీ సందు చివర ఆగి, "గ్యాసు కట్టేశావా?" అని భార్యని అడిగే రకం.

"కట్టేశానండీ. ఇంకోసారి అడిగితే మిమ్మల్నీ కట్టేస్తాను," అనేది ఆవిడ.

మబ్బు పడితే టీవీ ప్లగ్గు పీకేస్తాడు. వాన రాకపోయినా తిరిగి పెట్టడు, ఎందుకంటే వాన రాకపోవడం కూడా ఆయన దృష్టిలో అనుమానాస్పదమే. వీధి వీధంతా ఆయన్ని "జాగ్రత్త మేస్త్రి" అంటుంది. మొదట్లో వెక్కిరింపుగా అన్నారు. తర్వాత్తర్వాత అదే షాపుకి బోర్డయింది. ఇంట్లో నవ్వులపాలైన భయం షాపులో అన్నం పెట్టింది.

ఆ భయానికో కారణముంది. పని నేర్చుకునే వయసులో, ఆయన గురువు బిగించిన కారొకటి షాపు ముందే అంటుకుంది. ఎక్కడో ఒక వైరు ఇనుప అంచుకి ఒరుసుకుని ఒరుసుకుని తోలు తెగిందట. మనుషులెవరికీ ఏమీ కాలేదు. కానీ కారు సీటు కాలే వాసన ఒకసారి ముక్కులోకి వెళ్తే మళ్లీ బయటికి రాదు. ఆ రోజునుంచీ బ్యాటరీ పక్కన ఫ్యూజు లేకుండా ఆయన ఒక్క బండిని కూడా గడప దాటనివ్వలేదు. "ఫ్యూజంటే ఏమిటనుకున్నారు? మనకి బదులు చచ్చిపోయే మహానుభావుడు," అనేవాడు వచ్చినవాళ్లతో.

ఆయన రెండో జాగ్రత్త, జత కుదర్చడం. సబ్‌వూఫర్ అంటే డిక్కీలో కూర్చుని గుండెల్లో గుద్దే పెద్ద స్పీకరు. దానికి బలమిచ్చేది ఆంప్లిఫయరు. కుర్రాళ్లు అట్టపెట్టె మీద అంకె చూసి మురిసిపోతూ వస్తారు. మేస్త్రి ఆ పెట్టెని తిరగేసి, మూల ఈగంత అక్షరాల్లో ఉన్న ఇంకో అంకె చూపిస్తాడు. "పైన పెద్దంకె దాని గొప్పకి నాయనా, కింద చిన్నంకె దాని బతుక్కి. నేను బతుకు చూసి బిగిస్తాను." ఆంపు చాలకపోతే గొంతు చించుకుని అరిచి ఊఫరులోని తీగచుట్టని మాడుస్తుంది. ఆంపు మరీ ఎక్కువైతే ఊఫరు కొత్త చెప్పు తెగినట్టు మొదటిరోజే తెగుతుంది. ఈడూ జోడూ కుదరాలి. అంతకన్నా ముందు ఓములు కుదరాలి. ఊఫరు కరెంటుకి ఎంత అడ్డం పడుతుందో చెప్పేది ఓము. ఆ అడ్డం తగ్గేకొద్దీ ఆంపు ఒళ్లు తెలియకుండా కరెంటు లాగేస్తుంది. రెండు ఊఫర్లని పక్కపక్కన కలిపితే అడ్డం సగానికి సగం పడిపోతుంది. అందుకే ఆయన ప్రతి ఊఫరునీ బిగించే ముందు మీటరు పెట్టి కొలుస్తాడు, తెలిసిన సరుకైనా సరే.

ఒక్కసారి కొలవలేదు. ఈ కథంతా ఆ ఒక్కసారి గురించే.

ఆయన బావమరిది, అంటే భార్య తమ్ముడు, పాత కారొకటి కొన్నాడు. కొన్న మర్నాడే షాపు ముందు ఆపి హారను కొట్టాడు.

"బావా, అద్దాలు అదరాలి!"

"అద్దాలదిరితే మీ అమ్మ అదరదూ?"

వాళ్లమ్మ కంటి ఆపరేషను చేయించుకుని కూతురింట్లోనే ఉంది. కంటికి నల్లద్దాలు పెట్టుకుని, టీవీ చూడొద్దన్నారని టీవీ వింటూ కాలక్షేపం చేస్తోంది. ఆవిణ్ని వాళ్ల ఊళ్లో దింపడానికి, అక్కని కూడా ఎక్కించుకుని, ఆ కొత్త పాత కారులోనే బయల్దేరాలని బావమరిది పట్టు. మేస్త్రి టోకు షాపు నుంచి ఊఫర్లు మూడు తెప్పించాడు. రెండు బావమరిదికి, ఒకటి ఒక టాక్సీ డ్రైవరుకి. ఎప్పుడూ తెచ్చే రకమే. నాలుగు ఓములు. రెండు కలిపితే రెండు, ఆంపుకి సరిగ్గా సరిపోతుంది. లెక్క మనసులోనే కుదిరిపోయింది. మీటరు తీద్దామనుకునేలోగా ఇంట్లోంచి భార్య, "ఏమండీ, అమ్మ చెప్పులేసేసుకుంది!" అని కేక. పక్కనుంచి బావమరిది, "అబ్బా, సొంతింటివాడి బండికి కూడా ఇన్ని పరీక్షలేంటి బావా!"

బిగించాడు. పాట పెట్టి గొంతు పెంచగానే బ్యాటరీ దగ్గర ఫ్యూజు టప్‌మని పోయింది.

మనకి బదులు చచ్చిపోయే ఆ మహానుభావుడు పోతూ పోతూ ఏదో చెబుతున్నాడని జన్మంతా ఊరికి చెప్పిన మనిషికి, ఆ పూట మాత్రం తోచలేదు. "ఈమధ్య ఫ్యూజులూ నాసిరకమే," అని విసుక్కున్నాడు. ఆ సైజుది షాపులో ఇంకోటి లేదు. పరీక్ష పూర్తిచేయడానికి ఒక లావుపాటి రాగి వైరు ముక్క కత్తిరించి ఫ్యూజు చోట ఇరికించాడు. వేరే షాపుకి వెళ్లి ఫ్యూజు తెచ్చి, రాగి ముక్క పీకేసి పెడదామని. పాట దద్దరిల్లింది. బావమరిది ఎగిరి గంతేశాడు. మేస్త్రి చేతులు కడుక్కోవడానికి లోపలికెళ్లాడు. బయటికొచ్చేసరికి కారూ లేదు, అత్తగారూ లేదు, భార్యా లేదు. వెళ్లొస్తామని అరిచారట. నీళ్ల చప్పుడులో వినపడలేదు.

సరే, వెళ్లారు కదా అని టాక్సీవాడి ఊఫరు చేతిలోకి తీసుకున్నాడు. అలవాటు కొద్దీ మీటరు పెట్టాడు. నాలుగు ఓముల ఊఫరుకి మీటరు మీద మూడు దాటి ఆగాల్సిన అంకె రెండు కూడా దాటలేదు. మీటరు బాగాలేదేమోనని ఇంకో మీటరు తెచ్చాడు. అదీ అదే మాట.

ఇది రెండు ఓముల రకం. టోకు షాపువాడు అదే బొమ్మ, అదే రంగు, కొత్త రకం పంపాడు. అంటే కారులో ఉన్నవీ అవే. రెండు కలిస్తే ఒక్కటి. ఆంపు మోయగలిగినదానికి రెట్టింపు లాగుతోంది. అందుకే ఫ్యూజు పోయింది. ఫ్యూజు చోట...

రాగి ముక్క.

బ్యాటరీ నుంచి డిక్కీ దాకా వైరు కారు తివాచీ కిందుగా, వెనక సీటు పక్కగా వెళ్తుంది. ఆ వెనక సీట్లో అత్తగారు. కళ్లు సరిగా కనపడవు. ఆ పక్కన భార్య. పాత వాసన ఎన్నేళ్లకో మళ్లీ ముక్కులో లేచింది.

ఫోను తీశాడు. తీసి, మోగించబోయి, ఆగాడు. ఏమని చెప్పాలి? ఫ్యూజు తీసేసి రాగి పెట్టానని జాగ్రత్త మేస్త్రి చెప్పడమా? అదీ బావమరిదితోనా? వాడు ఆ మాటని చావుకీ పెళ్లికీ కూడా వదలడు. అబద్ధమాడైనా పాట తగ్గిస్తే చాలు, వాళ్లు ఊరు చేరేలోగా తను వెళ్లి పట్టుకోవచ్చు. భార్యకి చేశాడు.

"ఏమే, అత్తయ్యకి తలనొప్పి వస్తుందేమో. పాట బాగా తగ్గించమను."

"అమ్మకా? అమ్మే పెంచమంటోంది. నడుం పట్టేసిన చోట సరిగ్గా గుద్దుతోందట, మర్దన చేసినట్టుందట!"

"అది కాదే, వద్దను. కొత్త ఊఫరు కదా, మొదట్లో నెమ్మదిగా..."

వెనకనుంచి బావమరిది గొంతు. "బావేనా? వినపడాలంటున్నాడా? విను బావా, నీ చేతి పని విను!"

ఫోనులోంచి గుద్దులు మొదలయ్యాయి. ధన్, ధన్, ధన్. ఆ గుద్దుల్లో భార్య ఏదో అంది. ఆయన "తగ్గించు! తగ్గించు!" అని అరిచాడు. తెగిపోయింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. ఆ హోరులో ఎవరికి వినపడుతుంది? తగ్గించమని చేసిన ఫోను పెంచి కూర్చుంది.

మీటరూ, కటింగ్ ప్లయరూ, స్పానరూ, ఒక చుట్ట వైరూ సంచిలో వేసుకుని మోటారుసైకిలెక్కాడు. దారిలో ఒక షాపు ముందు దిగకుండానే ఫ్యూజు, పెట్టెతో సహా, కొన్నాడు. "ఏంటి మేస్త్రీ, జాగ్రత్త కొత్తగా కొంటున్నావా?" అని షాపువాడు నవ్వాడు. నవ్వుకి నవ్వాలని కూడా గుర్తు రాలేదు. షాపుకి తాళం వేశాడో లేదో అంతకన్నా గుర్తులేదు. జీవితంలో మొట్టమొదటిసారి, వెనక్కి వెళ్లి చూడాలనిపించలేదు.

ఊరు దాటాడు. రోడ్డు ఎత్తెక్కి దిగే చోట, దూరంగా నల్లటి పొగ.

ఆయన పెట్టుకున్న మొక్కులకీ, తిట్టుకున్న తిట్లకీ లెక్కలేదు. పొగ దగ్గరయ్యేకొద్దీ స్పీడు పెంచాలో తగ్గించాలో తెలియలేదు. చూడాలనీ ఉంది, చూడకూడదనీ ఉంది. దగ్గరికెళ్తే తారు డ్రమ్ము. రోడ్డు పనివాళ్లు తారు మరిగిస్తున్నారు. ఆయన బండి ఆపి, డ్రమ్ము చూసి ఏడుపులాంటి నవ్వు నవ్వాడు. "ఏం కావాలి సార్?" అని ఒకామె అడిగింది. "ఏం లేదమ్మా, తారేనా?" అన్నాడు. పాపం ఆమె, తారేనని నమ్మకంగా చెప్పింది.

అక్కడే ఇంకోసారి ఫోను చేశాడు. ఈసారి ఎత్తింది అత్తగారు.

"అల్లుడూ, నువ్వేనా? కళ్లు కనపడక ఏ మీట నొక్కానో. అది కాదు గానీ, ఏదో కమురు వాసన వస్తోంది నాయనా. వీడేమో బ్రేకులంటాడు. నా కాళ్ల కిందేమో వెచ్చగా హాయిగా ఉంది."

వెచ్చగా హాయిగా. ఆ రెండు ముక్కలూ విన్నాక మేస్త్రికి బావమరిది నోరూ, వీధీ, బోర్డూ ఏవీ మిగల్లేదు.

"అత్తయ్యా! ఫోను వాడి చెవి దగ్గర పెట్టండి! ఒరేయ్, పాట కట్టెయ్! బండి ఆపు! అందరూ దిగండి! ఫ్యూజు లేదురా దానికి! నేను రాగి ముక్క పెట్టాను. నేనే పెట్టాను! ఊఫర్లు కొలవకుండా బిగించాను. తప్పంతా నాదే, దిగండ్రా బాబూ!"

రోడ్డు పనివాళ్లందరూ పారలు ఆపి వింటున్నారు. ఫోనులో పాట ఆగింది. టైర్లు కీచుమన్నాయి. తలుపుల చప్పుడు.

"బానెట్టు తియ్యనా బావా?" బావమరిది గొంతులో వెటకారం ఇంకిపోయింది.

"తియ్యకు! ఏదీ ముట్టుకోకు! అత్తయ్యని దూరంగా తీసుకెళ్లి నిలబెట్టు. ఇంకా దూరం. అక్కడ కాదు, ఇంకా!"

ఆయన చేరేసరికి ముగ్గురూ కారుకి చాలా దూరంగా, రోడ్డవతల వరసగా నిలబడి ఉన్నారు, ఫోటోకి నిలబడ్డట్టు. మంట లేదు. సన్నటి పొగ ఒకటి తలుపు సందులోంచి వచ్చి, ఇక రావాలా వద్దా అని ఆలోచిస్తోంది. మేస్త్రి బానెట్టెత్తాడు. మొదట బ్యాటరీ నల్ల వైరు విప్పాలి. రోజూ విప్పేదే. స్పానరు మూడుసార్లు చేజారింది. విప్పాక గానీ ఊపిరి తీసుకోలేదు. ఫ్యూజు పెట్టె ప్లాస్టిక్కు కరిగి రాగి ముక్క చుట్టూ మైనంలా గడ్డకట్టింది. వెనక తివాచీ ఎత్తితే అత్తగారి కాళ్లుండే చోట అరచేయంత మేర గోధుమ రంగు తిరిగి, వేలు పెడితే పొడి పొడిగా రాలింది. ఆ పొడి చూసి ఆయన అక్కడే రోడ్డు మీద చతికిలబడ్డాడు.

భార్య వచ్చి పక్కన కూర్చుంది. ఆవిడ కూడా ఆ మచ్చ చూసింది.

"మొదటి ఫోనులోనే చెప్పి ఉండొచ్చుగా?"

"సిగ్గేసిందే."

"మాకేదైనా అయ్యుంటే ఆ సిగ్గేం చేసుకునేవారు?" అని నీళ్ల సీసా ఇచ్చింది. ఆ నీళ్లు ఆయనకి తిట్టుకంటే గట్టిగా తగిలాయి.

కాసేపటికి లేచి, వైరు చివరిదాకా వేలితో తడిమి, కమిలిన మేర కోసేసి, కొత్తది వేశాడు. ఊఫర్లని ఈసారి పక్కపక్కన కాకుండా ఒకదాని వెనక ఒకటి కలిపాడు. అలా కలిపితే అడ్డాలు కూడి నాలుగవుతాయి, చప్పుడు కొంచెం తగ్గినా ఆంపు ప్రాణానికి హాయి. మీటరు పెట్టాడు. తీశాడు. మళ్లీ పెట్టాడు. బావమరిదికి చూపించాడు. అత్తగారికి కూడా చూపించబోయి, కంటి సంగతి గుర్తొచ్చి అంకె చదివి వినిపించాడు. కొత్త పెట్టెలో ఫ్యూజు పెట్టాడు. పాట ఆడింది. ఫ్యూజు నిలబడింది.

"ఎక్కండి," అన్నాడు.

ఎవరూ కదల్లేదు. బావమరిది మోటారుసైకిలు తాళంచెవి చెయ్యి చాపి తీసుకున్నాడు. "నువ్వు కారు నడుపు బావా. నేను నీ బండి మీద వెనకాలే వస్తా. పొగ వస్తే హారను కొడతాను."

అలా మేస్త్రి తను బిగించిన దానిముందు తనే కూర్చున్నాడు. పక్కన అత్తగారు, ఇక వెనక సీటు వద్దని. వెనక భార్య, తివాచీ మీద కాళ్లు ఆనించకుండా పైకి పెట్టుకుని. పాట కట్టేసి ఉంది. ఆయన ముక్కు ఎగబీలుస్తూ నడుపుతున్నాడు. గుంత వచ్చినప్పుడల్లా బ్రేకు, లారీ పొగ వచ్చినప్పుడల్లా బ్రేకు.

కొంతదూరం పోయాక అత్తగారు నల్లద్దాలు సర్దుకుంది.

"పాట పెట్టు నాయనా."

"ఇప్పుడెందుకత్తయ్యా..."

"ఇంతసేపూ నీ గుండె చప్పుడు వినలేక చస్తున్నాను."

మీట నొక్కాడు. వెనకనుంచి ధన్ మని మెత్తగా ఒక గుద్దు. అద్దంలో చూస్తే, బావమరిది మోటారుసైకిలు ఇంకాస్త వెనక్కి తగ్గింది.