కొలంబో బస్తాల మీద గుంటూరు పేరు

1986 చివర్లో నన్ను మద్రాసు రేవు నుంచి గుంటూరుకు బదిలీ చేశారు. హోదా గ్రేడింగ్ ఇన్‌స్పెక్టర్. గెజిటెడ్ ఉద్యోగం కాదు గానీ నా సంతకం లేకుండా ఒక్క మిరపకాయ కూడా ఓడ ఎక్కేది కాదు. అందుకని వ్యాపారులు ఎదురుగా ‘సార్’ అనీ, వెనకాల ‘రూల్సు గారు’ అనీ పిలిచేవాళ్ళు. నిజం చెప్పాలంటే నాకు ఆ రెండో పేరే ఎక్కువ నచ్చేది.

పని ఇదీ. ఎగుమతిదారు సరుకు సిద్ధం చేసి కబురు పెడితే నేను గోదాముకు వెళ్ళి, పేర్చిన బస్తాల్లో నాకు తోచినవి విప్పించి గుప్పెళ్ళతో నమూనా తీసేవాణ్ణి. రంగు చూడాలి. తేమ కొలవాలి. తాలుకాయ, అంటే రంగు వెలిసి తెల్లబడిన కాయ, ఎంత ఉందో ఏరి తూచాలి. అన్నీ సరిపోతే బస్తా మూతికి లేబులు కుట్టించి సీలు వేయించాలి. గోతాం మీద గ్రేడు, మూట కట్టిన ఊరు, దేశం పేరు, అక్షరాలు కత్తిరించిన రేకు మార్కాతో నల్లగా అచ్చు పడాలి. వీటిలో ఏది లేకపోయినా సర్టిఫికెట్ ఇవ్వకూడదు. సర్టిఫికెట్ లేని సరుకును రేవులో కస్టమ్స్ వాళ్ళు లోపలికి రానివ్వరు.

నేను చెప్పబోయేది 1988 మిరప సీజను సంగతి. అంతకు ముందు ఏడాది మన ప్రధానమంత్రీ శ్రీలంక అధ్యక్షుడూ ఒప్పందం మీద సంతకాలు చేశారు. అక్కడి తమిళుల పోరాటాన్ని చల్లార్చడానికని మన సైన్యం ఆ ద్వీపం ఉత్తర భాగానికి వెళ్ళింది. శాంతి కాపాడటానికి వెళ్ళినవాళ్ళు కొద్ది నెలల్లోనే యుద్ధంలో దిగబడ్డారు. ఇదంతా మనం పేపర్లలో చదివాం. దక్షిణాన జరిగింది మాత్రం అంతగా చదవలేదు. పరాయి సైన్యం తమ గడ్డ మీద అడుగు పెట్టడం సహించని సింహళ యువకుల సాయుధ సంస్థ ఒకటి, భారతదేశపు సరుకు ఎవరూ అమ్మకూడదని హుకుం జారీ చేసింది. మాట వినని కొట్లవాళ్ళను కాల్చేసేది.

మార్చిలో కోటేశ్వరరావు గారనే ఎగుమతిదారు నల్లపాడు రోడ్డులోని తన గోదాముకు పిలిచారు. సరుకు కొలంబోకి. కొన్న మనిషే అక్కడ కూర్చుని ఉన్నాడు. పేరు హనీఫా, యాభై దాటిన మనిషి, శ్రీలంక దక్షిణ తీరంలో టోకు మసాలా దినుసుల కొట్టు ఆయనది. ఏళ్ళ తరబడి ఇక్కడి మిరపకాయే తెప్పించుకుంటున్నా, గుంటూరు రావడం అదే మొదలట. ఆయన మాట్లాడేది తమిళం. నాకూ అది వచ్చని తెలిశాక ఆయన ముఖం తేటపడింది.

ఆయన అడిగింది ఒక్కటే. బస్తాల మీద గుంటూరు అనీ ఇండియా అనీ ఉండకూడదు. పక్క కొట్టాయన బొంబాయి ఉల్లిపాయలు అమ్మాడని పట్టపగలు కాల్చేశారట. ఈయన కొట్టు తలుపు మీద కూడా హెచ్చరిక అంటించి పోయారట. కొన్నాళ్ళు కొట్టు మూసుకోకూడదా అని అడిగాను. “మూస్తే మా ప్రభుత్వ సైనికులు వచ్చి తెరిపిస్తున్నారు. తెరిస్తే వాళ్ళు వచ్చి కాలుస్తున్నారు. నాకు తెలిసింది ఈ వ్యాపారం ఒక్కటే సార్” అన్నాడు.

కోటేశ్వరరావు గారికి ఏ పట్టింపూ లేదు. “పేరు తీసేస్తే ఘాటు తగ్గుతుందా సార్” అన్నారు నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు. మార్కా లేకుండా సర్టిఫికెట్ ఇవ్వడం కుదరదని చెప్పాను.

ఆ మాటకు అందరికన్నా సంతోషించింది మార్కాలు వేసే మస్తాన్. ఆయన పెద్దకొడుకు జవాను. అప్పుడు జాఫ్నాలో ఉన్నాడు. “మావోడు ఆడ తుపాకీ పట్టుకుని నిలబడుంటే, ఈడ నేను ఊరి పేరు చెరిపేసుకోవాలా? నా చేత్తో నేను చెయ్యనండి. ఇంకెవర్నన్నా పెట్టుకోండి” అన్నాడు.

ఏమంటున్నాడని హనీఫా అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన “వాళ్ళబ్బాయి చేతిలో తుపాకీ ఉంది. నా చేతిలో తక్కెడ ఉంది” అన్నాడు. అదీ తెలుగులో చెప్పాను. మస్తాన్ సిరా డబ్బా మూత పెట్టేసి బయటికి వెళ్ళాడు. నాకు ఇద్దరి మీదా కోపం రాలేదు. వాళ్ళిద్దరినీ అలా ఎదురెదురుగా నిలబెట్టిన పెద్దల మీద వచ్చింది.

మద్రాసులో మా పై అధికారికి ట్రంక్ కాల్ చేశాను. రాతపూర్వకంగా పంపండి, పరిశీలిస్తాం అన్నారు. ఆ పరిశీలన పూర్తయ్యేలోగా ఓడ వెళ్ళిపోతుంది. సరుకు ఆగినా, మార్కాతో వెళ్ళినా నష్టం ఈ మనిషికే. కాబట్టి నేనే తేల్చాలనుకుని నిబంధనల పుస్తకం మళ్ళీ మొదటి నుంచి చదివాను. మార్కా, లేబులు, సీలు కొనుగోలుదారుడి చేతికి అందేదాకా చెక్కుచెదరకూడదని ఉంది. అందిన తరవాత సంగతి ఎక్కడా లేదు. ఒక గోతాం మీద ఇంకొకటి తొడగకూడదని కూడా లేదు.

మర్నాడు నా షరతులు చెప్పాను. కాయ మొదట ఏ అచ్చూ లేని కొత్త గోతాంలోకి ఎక్కాలి. దాని మీద ఇంకో గోతాం తొడగాలి. మార్కా, లేబులు, సీలు పైదానికే. హనీఫా కొలంబో రేవులో స్వయంగా సరుకు అందుకుని, పై గోతాలు అక్కడే విప్పి, లోపలివాటినే కొట్టుకు తీసుకెళ్ళాలి. ఇంకొకటి, రెండు గోతాల మధ్య చెమ్మ నిలిచి ఓడలో కాయకు బూజు పడుతుంది కనుక సరుకంతా మళ్ళీ ఎండబెట్టాలి. కోటేశ్వరరావు గారు ఇక్కడ గొణిగారు. నేను వినిపించుకోలేదు. మళ్ళీ తేమ కొలిచి, తృప్తి పడ్డాకే మూటలు కట్టనిచ్చాను.

మస్తాన్ తనే వచ్చాడు. లోపలి గోతాల వంక చూడలేదు గానీ, పైవాటి మీద ఎప్పుడూ వాడే రేకు పక్కన పెట్టి, పెద్ద అక్షరాల రేకు తీసి గుంటూరు అని అచ్చు వేశాడు. అక్షరాల పొడవు ఇంతకు తగ్గకూడదని రూలు ఉంది, మించకూడదని లేదు. సంతకం పెట్టాను.

తరవాతి సీజనుకు హనీఫా మళ్ళీ వచ్చాడు. ఆయన్ని గోదాములో చూసేదాకా బతికున్నాడో లేడో మాకు తెలియదు. మస్తాన్ లేచి వెళ్ళి కుర్చీ తెచ్చి వేశాడు.

ఆ సాయుధులు ఆయన కొట్టుకు రానే వచ్చారట. తుపాకులతో నలుగురు. బస్తాలన్నీ దొర్లించి చూశారు. ఏ అచ్చూ లేదు. ఒకడు మాత్రం ఒక కాయ తీసి విరిచి వాసన చూశాడు. హనీఫా ముఖంలోకి చూశాడు. అతను కాయ కింద పడేసి, ఇంట్లోకి ఒక కిలో తూచమన్నాడట.

“వాళ్ళకు తెలియదంటారా సార్?” అన్నాడు హనీఫా. “వాళ్ళమ్మ వండేది కూడా దీంతోనే.”

1990లో మన సైన్యం వెనక్కి వచ్చేసింది. మస్తాన్ కొడుకూ వచ్చాడు.

మార్కా కొనేవాడి కోసమని నాకు శిక్షణలో నేర్పారు. చంపేవాడు కూడా దాన్ని చదువుతాడని ఆ సీజనులో తెలిసింది. ఆ తరవాత రిటైరయ్యేదాకా ఏ నిబంధన చేతికొచ్చినా, అది ఏం చెయ్యమంటోందో చదివి ఊరుకోలేదు. ఎక్కడితో ఆగిపోతుందో కూడా చూసుకున్నాను. అది ఆగిన చోటి నుంచి చూసుకోవాల్సింది మనుషుల ప్రాణాన్ని.