ఘాటు రాని మిరపకాయలు

దెయ్యాలు, దిష్టి, చేతబడి అని ఎవరైనా మొదలుపెడితే నాకు నవ్వు కూడా రాదు, చిరాకు వస్తుంది. నేను హైస్కూల్లో సైన్సు టీచర్ని. గుమ్మానికి గుమ్మడికాయ కట్టనివ్వలేదని మా అత్తగారు ఇప్పటికీ నామీద గుర్రుగా ఉంటారు. ఇది రాస్తున్నానంటే నా బుద్ధి మారిందని కాదు. జరిగింది జరిగినట్టు ఒక్కచోటైనా చెప్పుకోవాలని రాస్తున్నాను.

సెలవు రోజుల్లో మేము కొంతమందిమి కలిసి సత్తెనపల్లి చుట్టుపక్కల ఊళ్లకు వెళ్లి మానసిక జబ్బుల గురించి, ఆత్మహత్యల గురించి మాట్లాడతాం. మనసుకు జబ్బు చేస్తే దానికీ మందులున్నాయని చెబుతాం. మనిషి దిగులుగా కనిపిస్తే "చచ్చిపోవాలనిపిస్తోందా" అని సూటిగా అడగమని, అలా అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదని చెబుతాం. వినేవాళ్లు వింటారు. కొందరు మైకు సొంతమా అద్దెదా అని అడిగి వెళ్లిపోతారు.

ఆ రోజు వెళ్లిన ఊరి పేరు రాయను. మిరపకాయల కాలం. కల్లంలో ఎర్రగా ఆరబోసిన కాయల పక్కనే మాకు కుర్చీలు వేశారు. కూలికి వచ్చిన ఆడవాళ్లు రంగు పోయిన తాలుకాయలు ఏరి పారేస్తూనే మా మాటలు విన్నారు. మా మాటలకంటే మా తుమ్ములు వాళ్లకు ఎక్కువ నచ్చాయి. అలవాటు లేనివాళ్లకు ఆ కాయల దగ్గర ఊపిరి తీసుకోవడమే కష్టం.

అంతా అయ్యాక, ఆ కల్లం రైతు శ్రీను భార్య సుజాత మంచినీళ్లిస్తానని నన్ను ఇంట్లోకి పిలిచింది. ఇల్లు కల్లాన్ని ఆనుకునే ఉంది. ఆమే ఇంకా చిన్నపిల్ల, కాన్పయి ఏడాది కాలేదు. గ్లాసు నా చేతికిచ్చి, ఇంకేదో చెప్పాలన్నట్టు అక్కడే నిలబడిపోయింది. నేను మైకులో చెప్పిన ప్రశ్నే ఆమెను అడిగాను.

"రోజూ అనిపిస్తుందండి," అంది. "పిల్లాణ్ణి ఎత్తుకున్నా నాకేం అనిపించట్లేదు. నేను చెప్తే నాటకాలంటున్నారు. ఆసుపత్రికి తీసుకెళ్లమని మా ఆయనకు మీరు చెప్తారా?"

బతకాలని ఉన్న మనిషే అలా అడుగుతుంది. నేను ఆమె చేయి పట్టుకునే బయటికి వచ్చాను.

సుజాతను డాక్టరుకు చూపించాలన్నాను. శ్రీను నోరు తెరిచేలోపే అతని తల్లి కోటమ్మ అందుకుంది. చంకలో పిల్లవాడున్నాడు. "దానికి జబ్బేందండీ, దిష్టి. నెలరోజుల్నుంచి తీస్తన్నా. కాయలు మాడి మసైపోతన్నయ్‌గానీ ఘాటు వస్తే ఒట్టు. అంత దిష్టి ఉంది దానికి."

మా వైపు అందరికీ తెలిసిన నమ్మకమే ఇది. మనిషి చుట్టూ ఎండుమిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేస్తే, ఘాటు వస్తే దిష్టి లేనట్టు, రాకపోతే ఉన్నట్టు. ఈ మాట మీద ఒక మనిషి ప్రాణం ఆగి ఉందని నాకు ఒళ్లు మండిపోయింది.

సుజాతకు జబ్బు చేసిందనీ, ఇప్పుడే నాతో బయల్దేరితే గుంటూరులో డాక్టరుకు చూపిస్తాననీ, పిల్లవాణ్ణి కూడా తీసుకురమ్మనీ శ్రీనుతో చెప్పాను. అతను తాపీగా విన్నాడు. "పిచ్చాసుపత్రి మెట్లెక్కిందని తెలిస్తే రేపు మా చెల్లికి సంబంధం ఎవరు తెస్తారు? మీరు తెస్తారా?" అన్నాడు. కాయలు ఏరే ఆడవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. సుజాత కూడా వింది.

తర్వాత అతనే ఒక మాట అన్నాడు. "కాయలు మావే, మీరే ఏరుకోండి. మీరే తిప్పండి. ఘాటు వచ్చిందా, రేపే తీసుకెళ్తా. రాకపోతే మాత్రం ఈ గోల మళ్లీ ఎత్తొద్దు."

నేను వెంటనే సరేనన్నాను. గుంటూరు మిరపకాయ నిప్పుల్లో పడితే ఘాటు రాకుండా ఎక్కడికి పోతుంది? అంత సులువుగా ఒప్పుకున్నాడేంటా అని లోలోపల నవ్వుకున్నాను కూడా. గుట్టలోంచి నిగనిగలాడే కాయలు గుప్పెడు ఏరాను. ఇనప బొచ్చెలో నిప్పులు తెచ్చి అరుగు ముందు పెట్టారు. సుజాతను కూర్చోబెట్టి, నా జీవితంలో మొదటిసారి ఒకరికి దిష్టి తీశాను. మేడం గారికి బాగానే అలవాటుందే అని జనం వేళాకోళం చేశారు.

కాయలు నిప్పుల్లో పడ్డాయి. ఉబ్బాయి, పేలాయి, నల్లగా మాడాయి. పొగ లేచింది. ఘాటు మాత్రం లేదు.

నేను వంగి ఆ పొగలో మొహం పెట్టాను. కాగితం కాలినట్టుంది, అంతే. కోటమ్మ చంకలో పిల్లవాడు పొగలోకి చేతులు చాపి నవ్వుతున్నాడు. ఇంకో గుప్పెడు తెచ్చి వేశాను. ఈసారి తిప్పలేదు, నేరుగా వేశాను. ఎవరూ దగ్గలేదు, తుమ్మలేదు. ఏరే పని ఆపి అందరూ నావంకే చూస్తున్నారు.

సుజాత లేచింది. "అయిపోయిందాండి?" అని అడిగింది. ఇంట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.

అప్పుడు వచ్చింది ఘాటు. ఒక్కసారిగా గొంతు పట్టేసింది. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని పరుగెత్తారు. పిల్లవాడు గుక్కపట్టి ఏడ్చాడు. కళ్లు తుడుచుకుంటూనే "వచ్చింది, చూడండి, వచ్చింది" అని అరిచాను.

"అది లోపలికి పోయాకగా వచ్చింది," అన్నాడు శ్రీను. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది. ఏదో గెలిచినట్టున్నాడు. ఆ మొహం గుర్తొస్తే నాకిప్పటికీ చెంప పగలగొట్టాలనే అనిపిస్తుంది.

ఆ తర్వాత ఎంత బతిమాలినా వినలేదు. మొగుడు రాకపోయినా నాతో వస్తానని సుజాత అంటే, పిల్లవాణ్ణి ఇవ్వనంది కోటమ్మ. వాడిని వదిలి ఆమె రాలేదు. ఆమెను ఒంటరిగా వదలొద్దని ఇంట్లోవాళ్లకు పదేపదే చెప్పాను. ఆ ఊరి ఆశా కార్యకర్తను రోజూ వెళ్లి చూడమన్నాను. ఆమె వెళ్లింది కూడా, వాకిట్లోంచే పంపేశారు. వాళ్లు సుజాతను ఎవరో మంత్రగాడి దగ్గరికి తీసుకెళ్లి తాయెత్తు కట్టించారు. దిష్టి పోయిందని ఆయన చెప్పాడట. ఇంకేం, అందరూ నిశ్చింతగా కల్లంలోకి పనికి వెళ్లారు.

కొన్నాళ్లకు నేను క్లాసులో ఉండగా ఆ ఆశా కార్యకర్త నుంచి ఫోను వచ్చింది. సుజాత తన ప్రాణం తనే తీసుకుంది. ఎలాగన్నది రాయను, అది తెలిసినందువల్ల ఎవరికీ మేలు లేదు.

శవం దగ్గర కోటమ్మ ఏడుస్తూ నా చెయ్యి పట్టుకుని పదిమందికీ చూపించింది. "మేం చెయ్యందేముంది? ఈ మేడాన్నే అడగండి. ఆమె చేత్తో వేసినా ఘాటు రాలేదు." అందరూ నావంక చూశారు. వాళ్లకు నేను సాక్షిని. ఒక ఆడపిల్లను చేతులారా పోగొట్టుకుని నన్ను అడ్డం పెట్టుకున్నారు.

దిష్టి తీసిన రోజున అదే గుట్టలోంచి కొన్ని కాయలు సంచిలో వేసుకొచ్చాను. ఇంట్లో కాలిస్తే పైవాటా వాళ్లు దగ్గుతూ దిగి వచ్చి తిట్టిపోశారు. గాలి అటు మళ్లిందేమో అన్నారు మా స్కూల్లో తోటి టీచరు. నిప్పుల వేడి చాలలేదేమో అన్నారు ఇంకొకరు. పొగలో మొహం పెట్టింది నేను, వాళ్లు కాదు.

ఈమధ్య ఇంకో ఊళ్లో ఒకావిడ, కొడుకు గదిలోంచి బయటికి రావట్లేదని, అన్నం ముట్టట్లేదని చెప్పుకుంది. ఆసుపత్రికి తీసుకెళ్లమన్నాను.

"ఎవరో మేడం దిష్టి తీసినా ఘాటు రాలేదంట కదండీ. ఆ పిల్ల పోయిందంట. అట్టాంటిదానికి ఆసుపత్రులేం చేస్తయ్?"

ఆ మేడం నేనేనని చెప్పాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "అయితే మీరే చెప్పండి. ఘాటు వచ్చిందా, రాలేదా?"

"వచ్చింది," అన్నాను. "అందరం దగ్గాం."

"మరి ఆ పిల్ల ఎందుకు పోయింది?"

"ఆసుపత్రికి తీసుకెళ్లలేదు కాబట్టి."

ఆవిడ గుంటూరులో ఎక్కడ దిగాలో అడిగింది. చెప్పాను.

సుజాత లేచి వెళ్లేదాకా ఆ ఘాటు ఎందుకు రాలేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఏ ఊళ్లో ఎవరు అడిగినా మాత్రం వచ్చిందనే చెబుతున్నాను.