చెరిపిన మాటలు లెక్కపెట్టిన గౌసియా

గౌసియా పరిశోధన అంతా కల్పితమని నలభైమూడు మందిమి ఒకే కాగితం మీద సంతకాలు పెట్టాం. మూడో సంతకం నాది. "మేడం చెప్పినట్టు ఊహించి రాశాం, అందులో ఏదీ జరగలేదు" అని ఆ కాగితంలో ఉంది. శిక్షణ మేనేజరు రాజశేఖర్ దాన్ని టైపు చేయించి తెచ్చాడు. పెన్ను కూడా ఆయనే ఇచ్చాడు. నెల తిరగకముందే విశ్వవిద్యాలయం ఆమె పరిశోధనను ఆపేసింది. ఫెలోషిప్పూ ఆగింది.

గౌసియా శంషాబాద్‌లోనే పుట్టి పెరిగింది. తండ్రి సఖావత్ ఎయిర్‌పోర్టు క్యాబ్ నడుపుతాడు. తల్లి ఇంట్లో బట్టలు కుడుతుంది. ఆమె చదివింది సమాచార శాస్త్రం. కంప్యూటర్‌లో పాఠాలు నేర్చుకునేవాళ్లు వదిలే ఆనవాళ్లను చూసి, వాళ్లకు నిజంగా ఏం అర్థమైందో తెలుసుకోవచ్చా అన్నది ఆమె ప్రశ్న. అందుకోసం పెద్ద కాలేజీలకు పోలేదు. విమానాల్లో వెళ్లే సరుకు నిలవచేసే మా గోదాముకు వచ్చింది. పాల్మాకుల నుంచి రోజూ బస్సెక్కి వచ్చే నేనూ, నాలాంటి మరో నలభైరెండు మందీ అక్కడ కొత్తగా పనిలో చేరి శిక్షణలో ఉన్నాం.

మా పాఠాలు ఫోన్‌లో ఉండేవి. ఎవరు ఎన్ని నిమిషాలు చూశారో, ఎన్నిసార్లు నొక్కారో ఫోనే లెక్కకట్టి ఒక్కొక్కరికి రంగు ఇచ్చేది. ఉపేందర్ అనేవాడు వీడియో పెట్టి జేబులో వేసుకుని అన్నం తినేవాడు. వాడు ఎప్పుడూ ఆకుపచ్చే. నేను పాఠమంతా ఒక్కసారి చదివి మూసేసేవాణ్ణి. నాది ఎప్పుడూ ఎరుపే. ఇంటర్ తప్పినవాడికి ఇంకేం రంగు వస్తుందని రాజశేఖర్ అందరి ముందూ అన్నాడు. అతని గదిలో ఉన్న పుస్తకాలకన్నా నేను చదివినవే ఎక్కువ. 

గౌసియా వచ్చిన రోజు ముందుగా ఎరుపువాళ్లనే పిలిపించుకుంది. ఈ రంగులతో తనకు పని లేదనీ, డ్యూటీ అయ్యాక ప్రతివాళ్లూ ఆరోజు ఎక్కడ తప్పు జరిగిందో, ఎందుకు జరిగిందో నాలుగు ముక్కలు ఫోన్‌లో రాస్తే చాలనీ చెప్పింది. రాస్తూ ఎక్కడ ఆగామో, ఎన్నిసార్లు చెరిపామో ఫోన్ గుర్తుపెట్టుకుంటుందని కూడా అప్పుడే చెప్పిందట. మా ధ్యాస బిర్యానీ పొట్లాల మీద ఉంది.

మొదటి వారం ఉపేందర్ రాసి గ్రూపులో పెట్టాడు. అందరం దాన్నే దించేశాం. తన చెల్లెలి పెళ్లి పనుల వల్ల ఆలస్యంగా వచ్చానని వాడు రాసుకున్న మాటను కూడా ఎవడూ తీయలేదు. శనివారం గౌసియా మా ముందు నిలబడింది. తిడుతుందనుకున్నాం.

"ఒక్క వారంల నలభైమూడు పెండ్లిళ్లయినయి. నాకు ఒక్క కార్డు రాలే. గంత దూరపుదాన్ననుకున్నరా?"

గోదాము గోదామంతా నవ్వింది. ఆ తర్వాత ఆమె ఒక బిస్కెట్ డబ్బాలో చీటీలు వేసి, తలా ఒక నంబరు తీసుకోమంది. ఇకమీదట పేరు ఉండదు, నంబరే. ఎవరిది ఏ నంబరో ఒకే ఒక్క కాగితం మీద చేత్తో రాసి ఇంట్లో ఉంచుకుంటాననీ, ఏడాదిదాకా తనూ చూడననీ, కంపెనీకి చూపించననీ మాటిచ్చింది. ఏడాది తర్వాత ఆ కాగితం పట్టుకుని ఒక్కొక్కరినీ కలిసి, అప్పటి తప్పు గురించి ఇప్పుడేమనుకుంటున్నావని అడుగుతుంది. ఆమె పరిశోధనలో రెండో సగం అదే.

అప్పటినుంచి జనం రాయడం మొదలుపెట్టారు. అట్టపెట్టెల మీది ఇంగ్లీషు చదవలేక రంగు చూసి సర్దుతున్నానని రాశానని ఉపేందరే నాకు చెప్పాడు. నా నంబరు ఇరవై ఏడు. మే నెల మధ్యాహ్నం ఒకటి గురించి నేను రాశాను. ఇంజెక్షన్ల పెట్టె దిగిన నాలుగు నిమిషాల్లోగా చల్లటి గదిలో పెట్టినట్టు స్కాన్ చేయాలి, లేకపోతే జీతం కోత. ట్రాలీ ఇంకా ఎండలో ఉండగానే స్కాన్ చేసేసి ఇంకో లోడుకు పోయాను. తిరిగి వచ్చేసరికి నలభై నిమిషాలు.

వేడి తగిలితే ఎర్రబడే చీటీ ఆ పెట్టె మీద ఉంటుంది. కొన్నవాళ్లు అది చూసి పెట్టెను వెనక్కి పంపారు. ఎవరికీ ఇంజెక్షన్ పడలేదు, అదే అదృష్టం. ఇదెలా జరిగిందని రాజశేఖర్ గౌసియాను అడిగాడు. ఆమె ఒక పేజీ రాసిచ్చింది. ఇలాంటివి పంతొమ్మిది జరిగాయి, నాలుగు నిమిషాల నియమం ఉన్నంతకాలం జరుగుతూనే ఉంటాయి అని. ఆయనకు కావలసింది కారణం కాదు, పేరు. నేను పక్కనే పెట్టెలు సర్దుతున్నాను.

"ఎందుకైందో చెప్పిన సార్. ఎవరు చేసిన్రో నా దగ్గర లేదు."

"ఆ కాగితం తెండి మేడం. మీ చదువు గురించి కూడా ఆలోచించుకోండి."

"గా కాగితం ఇప్పుడు లేదు సార్."

అబద్ధమాడుతోందని ఆయనా అనుకున్నాడు, నేనూ అనుకున్నాను. మర్నాడు సంతకాల కాగితం వచ్చింది. మా రాతలు నిజమైతే తప్పు కంపెనీది అవుతుంది. కల్పితమైతే తప్పు గౌసియాది. నాకు రెండోదే క్షేమం. పెట్టేశాను.

ఆ నంబర్ల కాగితం నిజంగానే లేదని ఏడు నెలల తర్వాత తెలిసింది. కాటేదాన్‌లో పని పడి క్యాబ్ ఎక్కితే నడిపేది సఖావత్. నా బట్టల మీద కంపెనీ పేరు చూసి, తనే మాట కలిపాడు. పెట్టె వెనక్కి వచ్చిన సాయంత్రమే, ఇంకా ఎవరూ అడగకముందే, కూతురు ఆ కాగితాన్ని తల్లి కుట్టుమిషను సొరుగులోంచి తీసి కత్తెరతో దారాల్లాగా కత్తిరించిందట.

"నీ చదువు సగంల ఆగిపోతది బేటీ అన్న. మాటిచ్చిన అబ్బా అన్నది. ఇగ నేనేమంట?"

నేనెవరో ఆయనకు చెప్పలేదు. మాట కోసం అన్నీ వదులుకున్నవాళ్ల కథలు చాలా చదివాను. ఒక్కటీ నమ్మలేదు. ఆ రాతలు కల్పితమని మేమంతా సంతకాలు పెట్టకముందే, కావు అని నిరూపించే ఒకే ఒక్క ఆధారాన్ని ఆమె మాకోసమే తన చేతులతో కత్తిరించింది. కిరాయి ఇచ్చి దిగాను. 

ఆ వారమే విశ్వవిద్యాలయానికి ఉత్తరం రాశాను. మేము రాసినవన్నీ నిజమనీ, సంతకం భయంతో పెట్టాననీ రెండు పేజీలు. చదివిన పుస్తకాల్లోని గట్టి మాటలన్నీ అందులో పెట్టాను. నాలుగుసార్లు సాపు చేసి, ఆదివారం మధ్యాహ్నం గౌసియా ఇంటికి పట్టుకెళ్లాను. లోపల కుట్టుమిషను నడుస్తోంది. గౌసియా ఇద్దరు ఆడవాళ్లకు కంప్యూటర్ నేర్పుతోంది. వాళ్లు వెళ్లేదాకా గుమ్మం దగ్గరే నిలబడి, తర్వాత చెప్పాను. ఆ పెట్టెను ఎండలో వదిలింది నేనేనని.

ఆమెకు కోపం రాలేదు. "నీ నంబర్ ఎంత కొండల్?" అని మాత్రం అడిగింది.

"ఇరవై ఏడు అక్కా."

ఆమె నా మొఖంలోకి చూసింది.

"నీ గురించి ముప్పై పేజీలు రాసిన. మొఖం తెల్వకుంట. పదకొండుసార్లు చెరిపినవ్ నువ్వు. మొదలు ఎండ ఎక్కువున్నదని రాసినవ్, చెరిపినవ్. ట్రాలీ ఖరాబని రాసినవ్, చెరిపినవ్. పన్నెండోసారి 'నేను' అని మొదలువెట్టినవ్."

నా గురించి అంత శ్రద్ధగా ఎవరూ ఎప్పుడూ చూడలేదు.  ఉత్తరం చేతికిచ్చాను. కింద పేరుతో సంతకం ఉంటే నౌకరి పోతదని హెచ్చరించింది. తెలుసన్నాను. అప్పుడు రెండు పేజీలూ నింపాదిగా చదివి, మడిచి, నా చేతిలోనే పెట్టింది. కుట్టుమిషను పక్కన ఉన్న తెల్లకాగితాల్లోంచి ఒకటి తీసి, పెన్నుతో పాటు నా ముందుకు జరిపింది.

"దీంట్ల ఒక్క కొట్టివేత లేదు కొండల్. గీ మాటలు ఎక్కడివో నాకు తెల్వది. కూసో, జర నువ్వు రాయి."