వియత్నాం వెళ్లి మేడ్చల్‌కు తిరిగొచ్చిన లైన్

నాతో పనిచేసిన లక్ష్మి ఇప్పుడు మేడ్చల్ దగ్గర సెల్‌ఫోన్ చార్జర్ల ఫ్యాక్టరీలో లైన్ లీడర్. రెండేళ్ల కిందట వాళ్ల ఆర్డర్ వియత్నాంకు తరలిపోయినప్పుడు, అక్కడివాళ్లకు పని నేర్పడానికి కంపెనీ ఆమెనే పంపింది. తిరిగొచ్చేసరికి ఇక్కడ లైన్ ఆగిపోయి ఉంది. ఇప్పుడు ఆ ఆర్డరే మళ్లీ వచ్చిందనీ, మొదటిరోజు పనివాళ్ల తాలూకువాళ్లను లోపలికి రానిస్తున్నారనీ ఫోన్ చేస్తే బయలుదేరాను.

అల్వాల్‌లో ఉదయం లోకల్ రైలెక్కితే అరగంటకు కాస్త అటూ ఇటుగా మేడ్చల్. అక్కణ్నుంచి శామీర్‌పేట దారిలో షేర్ ఆటోకు ముప్పై రూపాయలు. డ్రైవర్ యాదయ్య వదిన కూడా ఆ ఫ్యాక్టరీలోనే చేస్తుందట. "మూసినప్పుడు మస్తు పరేషానైంది మేడం. ఈసారన్న ఉంటదా?" అని అడిగాడు.

లోపల లక్ష్మి పక్కన లాన్ అనే వియత్నాం అమ్మాయి నిలబడి ఉంది. అక్కడ లక్ష్మి దగ్గర పని నేర్చుకున్నది ఈమే. కొత్త మోడల్ నేర్పడానికి ఇప్పుడు తనే ఇక్కడికి వచ్చింది. పదకొండింటికి మొదటి బ్యాచ్ పరీక్షలో తప్పింది. లాన్ ఒక బోర్డును భూతద్దం కింద పెట్టి, టంకం అతకని చోటు చూపించి, యంత్రం వేడి పెంచింది. పన్నెండున్నరకు బ్యాచ్ పాసయింది. అందరూ చప్పట్లు కొట్టారు. లాన్ చేతి తొడుగులు విప్పి, మడిచి జేబులో పెట్టుకుంది.

క్యాంటీన్‌లో ముగ్గురం పచ్చిపులుసు అన్నం తిన్నాం. "అప్పుడు నీకు కోపం రాలేదా?" అని లక్ష్మిని అడిగాను.

"వచ్చింది అక్కా, ఈమె మీద గాదు. ఆడ ఈమె సంటి పిల్లను ఇంట్ల ఇడిసి తెల్లారకముందే పనికి వస్తుండె. ఇప్పుడు ఆడ ఈమె లైన్ బందైంది. తెలిసి గూడ వచ్చి నేర్పింది."

"ఇక్కడ మాత్రం నిలుస్తుందిగా?"

లక్ష్మి గిన్నె మూత పెట్టింది. "మొన్న కంపెనీల మళ్ల నా పాస్‌పోర్టు అడిగిన్రు. ఏ దేశమో ఇంక చెప్పలె."

భూమి, కరెంటు, పన్ను రాయితీలు చూపి దేశాలు ఫ్యాక్టరీల కోసం పోటీపడుతున్నాయని పేపర్లో చదువుతూనే ఉంటాను. ఆ పోటీలో ఎవరు గెలిచారో ఆ బల్ల దగ్గర కూర్చుని చెప్పలేకపోయాను. లాన్ మాత్రం పచ్చిపులుసు ఎలా చేయాలో అడిగి, ఫోన్‌లో రాసుకుంది.

ఇటు వచ్చేవాళ్లు తిరుగు ప్రయాణానికి మధ్యాహ్నం లోకల్ రైలు కోసం చూడకండి, తక్కువ. శామీర్‌పేట చేరుకుంటే కరీంనగర్ రోడ్డు మీద అల్వాల్ మీదుగా సికింద్రాబాద్ వెళ్లే బస్సు దొరుకుతుంది.