పొగగొట్టం మీది డబ్బా

పోయిన బుధవారం పొద్దున్నే మా అమ్మాయి ఫోన్ చేసింది. "బాపూ, మా మామ లేడు" అంది. ఛాయ్ తాగుతూ, కూర్చున్న మనిషి కూర్చున్నట్టే వాలిపోయారట. చెప్పులు వేసుకుంటూ నేను మొదట అనుకున్నది రాస్తే తిడతారు. అయినా రాస్తాను. పోవడంలో కూడా ఈయన నాకంటే బాగా చేశారే అనుకున్నాను. ఆస్పత్రి లేదు, మందు లేదు, ఎవరికీ పరేషాన్ లేదు.

ఆయన నా వియ్యంకుడు. అంతకు చాలా ముందు నుంచే పటాన్‌చెరులో ఒకే కార్ఖానాలో పనిచేశాం. మా గేటు నుంచి పెద్ద లైను దాకా వ్యాగన్లను లాగే డీజిల్ ఇంజన్ ఒకటి కార్ఖానాకు సొంతంగా ఉండేది. ఆయన దానికి ఫిట్టర్, నేను ఎలక్ట్రీషియన్ని. ఏడో తరగతిలో బడి మానేసి, పాత కాగితాల దుకాణంలో దొరికిన పుస్తకాలతో కరెంటు పని నేర్చుకున్నవాణ్ణి నేను. ఆ దుకాణం సంగతి చెప్పాలంటే ఇంకో పది పేజీలు కావాలి, వదిలేద్దాం. ఆయన పుస్తకం ముట్టగా నేను చూడలేదు. అయినా ఇంజన్ కాస్త దగ్గితే చాలు, మేనేజర్ దగ్గర నుంచి బిహార్ కూలీల దాకా అందరూ ఆయన మొహమే చూసేవారు. ఆయన 'ఉస్తాద్', నేను 'కరెంటాయన'. తరువాత మా అమ్మాయిని వాళ్ల అబ్బాయికి ఇచ్చాను. మగపెళ్లివారికి ఎదురెళ్లే ఎదురుకోళ్లలో ఈ చేతులతోనే ఆయనకు షర్బత్ అందించాను. పిల్లనిచ్చినవాడికి వియ్యంకుడి మీద కుళ్లుకునే హక్కు కూడా ఉండదు. లోపలే దాచుకోవాలి.

కార్ఖానా మూతపడింది. ఇంజన్ తుమ్మ చెట్ల మధ్య చాలా ఏళ్లు నిలబడిపోయింది. రైళ్లంటే ప్రాణం పెట్టే కొందరు రిటైరైనవాళ్లు ఒక సంఘం పెట్టుకుని ఆ షెడ్డునూ, మిగిలిన కాస్త పట్టాలనూ తీసుకున్నారు. పాత ఇంజన్‌ను బాగుచేసి ఆదివారాలు జనాన్ని ఎక్కించి తిప్పుతామన్నారు. పాతవాళ్లెవరైనా ఉన్నారా అని వెతుక్కుంటూ వస్తే ఇద్దరం దొరికాం. ఇప్పుడు ఈ మాటలు రాస్తున్నది ఆ సంఘం సంచికలోనే.

ఆయన పని తీరు చూస్తుంటే నాకు ఒళ్లు మండేది. ఇంజన్‌ను మీట నొక్కి స్టార్ట్ చేసే ముందు ప్రతి సిలిండర్ మీదా ఉండే చిన్న కుళాయి తెరిచేవారు. పొడుగాటి కడ్డీతో ఇంజన్‌ను చేత్తోనే మెల్లగా రెండు చుట్లు తిప్పించేవారు. ఒక్కో కుళాయి ముందు అరచేయి పెట్టి, వచ్చేది గాలో నీళ్లో చూసేవారు. నీళ్లున్న సిలిండర్‌ను తెలియక స్టార్ట్ చేస్తే ఇనుము వంగిపోతుంది. అలా తిప్పడానికి అరగంట పట్టేది.

"బావా, పొద్దెక్కుతుంది" అని నేను సణిగితే, "తొందర మనకున్నది, దానికి లేదు గద బావా. జెర చెయ్యి పెట్టి సూడుండ్రి" అనేవారు. నేను పెట్టేవాణ్ణి కాదు. ఆయన చెప్పారు గనక.

సాయంత్రం వెళ్లేటప్పుడు ఇంజన్ పైకెక్కి, పొగగొట్టం మీద పాత పెయింట్ డబ్బా ఒకటి బోర్లించి, మీద ఇటుక పెట్టి, తీగతో కట్టేవారు. ఆయనది ఎడమచేతి వాటం, ముడి కూడా అలాగే పడేది. వాన పడితే నీళ్లు ఆ గొట్టం లోంచే సిలిండర్లోకి దిగుతాయి మరి.

ఏడాది పని తరువాత మొదటిసారి నడిపి చూసే రోజు వచ్చింది. ముందురోజు సాయంత్రం ఆయన వెళ్లిపోయాక, షెడ్డు బయట ఇంజన్ పక్కన నేనొక్కణ్ణే నిలబడి, వాచ్‌మన్ చేత ఫొటో తీయించుకున్నాను. ఆ డబ్బా అసహ్యంగా కనబడుతోందని తీసి పక్కన పెట్టాను. మళ్లీ పెట్టడం మరిచాను. రాత్రి వాన కొట్టింది. పొద్దున ఆయన కంటే ముందే వెళ్లాను. ఈ ఒక్కసారికి స్టార్ట్ చేసింది నేనని అనిపించుకోవాలని కోరిక. కుళాయిలు లేవు, కడ్డీ లేదు. మీట నొక్కాను. రెండుసార్లు దగ్గి, లోపల ఎవరో సుత్తితో కొట్టినట్టు ఒక్క దెబ్బ కొట్టి ఆగిపోయింది. లోపల పిస్టన్‌ను పట్టుకునే కనెక్టింగ్ రాడ్ వంగింది.

సంఘం వాళ్లంతా చేరారు. కార్యదర్శి పొగగొట్టం వంక చూసి, "రాత్రి డబ్బా పెట్టలేదా?" అన్నాడు. అప్పుడే స్కూటర్ దిగి వచ్చిన మా వియ్యంకుడు ఇంజన్‌నూ, నన్నూ ఒకసారి చూశారు.

"నేనే పెట్టుడు మర్చిపోయిన. ముసలితనమొచ్చె, ఏం జేస్తం" అన్నారు.

ఆ సాయంత్రం ఆయన స్కూటర్ వెనక కూర్చుని సంగారెడ్డిలో ఇంటికి వస్తున్నాను. కొంతదూరం పోయాక అడిగాను.

"బావా, నా మీదికి ఎందుకు రానియ్యకపోతిరి?"

"పిల్లనిచ్చినోళ్లను నలుగుర్ల నిలబెట్టి, ఇంటికి పోయి కోడలు మొకం ఎట్ల సూడాలె?" అన్నారు. ఇంకాస్త దూరం పోయాక, "ఫొటో మంచిగనే పడ్డదా?" అన్నారు.

స్కూటర్ మీద నుంచి పడిపోబోయాను.

వేరే రాడ్ దొరికి ఇంజన్ నడవడానికి ఇంకో ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలూ మతిమరుపు ముసలాయన అని అందరూ ముద్దుగా ఏడిపిస్తుంటే ఆయన నవ్వేవారు. తప్పు నాది, మంచితనం ఆయనది. నా తప్పులో కూడా పేరు ఆయనకే వచ్చిందని కుళ్లుకున్నాను. ఇంతకంటే నీచం ఏముంటుందో నాకు తెలియదు. ఫొటో మాత్రం ఇంట్లో గోడకు వేలాడదీశాను. పండగలకు వచ్చినప్పుడు ఆయన దాని ఎదురుగానే కూర్చునేవారు. ఒక్కనాడూ దాని ఊసెత్తలేదు.

మొన్న ఆదివారం షెడ్డులో సంతాప సభ పెట్టారు. "అంతటి ఉస్తాద్ కూడా ఒక్కసారి డబ్బా మర్చిపోయిండు గద!" అన్నాడు కార్యదర్శి. అందరూ తడికళ్లతో నవ్వారు. నేనూ నవ్వాను. సభ ముగుస్తుండగా మబ్బు పట్టి చినుకులు మొదలయ్యాయి. ఇంజన్ బయట పట్టాల మీద ఉంది. "డబ్బా ఉన్నదా ఎవరన్న సూసిండ్రా?" అన్నారెవరో. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇన్నేళ్లూ ఆ పని ఆయనదే.

ఈ మోకాళ్లతో నేనే ఎక్కాను. డబ్బా ఉంది. మీద ఇటుక, చుట్టూ తీగ, ఆయన ఎడమచేతి ముడి. అంతకుముందు ఆదివారం, పోవడానికి మూడు రోజుల ముందు కట్టినది.

"ఉన్నదా?" కింద నుంచి కార్యదర్శి అరిచాడు.

"ఉన్నది! ఆయన ఎన్నడు మర్వలే! ఆనాడు తీసింది నేను, నేను తీసిన!" అని అరిచాను. అప్పటికి వాన ఎత్తుకుంది. ఎవరికి వినబడిందో, ఎవరికి లేదో. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

కిందికి దిగమని పిలుస్తున్నారు. నేను మాత్రం ఆ డబ్బా మీద అరచేయి పెట్టి చూశాను. వాన దాని మీద దబదబ కొడుతోంది, కింద తీగ ఇంత కూడా కదలడం లేదు. అలాంటి ముడి నాకు ఇప్పటికీ రాదు.