అట్టలు చింపేసిన సిపాయి పుస్తకం

మా చిన్నప్పుడు... నాన్న నైట్ షిఫ్ట్ చేసి వచ్చాడంటే మా క్వార్టర్‌లో పగలే రాత్రి. కిటికీలకు బొంతలు వేలాడేవి. కుక్కర్ కూత వేయకూడదు. నేను గట్టిగా మాట్లాడకూడదు. అమ్మ చూపుడువేలు ఎప్పుడూ పెదవుల మీదే ఉండేది...

స్టీల్ ప్లాంటు ఉద్యోగం కోసం గోదావరి జిల్లా నుంచి వచ్చిన కుటుంబం మాది. నేను ఒక్కణ్ణే. కింద ఆడుకునే పిల్లలు నా నోట్లోంచి ‘అండి’ వినగానే మొదలుపెట్టేవారు.

“ఏటండీ... ఆడతారేటండీ... బేటింగేటండీ!”

అందరూ నవ్వేవారు. బ్యాట్ మాత్రం ఇచ్చేవారు కాదు. అందుకే చదువుకునేవాణ్ణి. ఆ ఇంట్లో చప్పుడు లేని పని అదొక్కటే.

సెలవు రోజున నాన్న నన్ను సిటీబస్సులో పాత ఊరి బజారు వన్ టౌన్‌కు తీసుకెళ్లేవాడు. హోల్‌సేల్ కొట్లలో పప్పులూ బెల్లమూ కొనేలోగా నన్ను పక్కనే ఉన్న పాతకాగితాల కొట్లో కూర్చోబెట్టేవాడు. ఆ కొట్టాయన్ని అందరూ బావా అని పిలిచేవారు. నా వయసుకు తగదని తెలియక నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఆయన మురిసిపోయేవాడు.

ప్లాంటు కట్టడానికి వచ్చిన రష్యా ఇంజనీర్లు వెళ్లిపోయాక, ఆ కొట్లోకి గోనెసంచుల్లో పుస్తకాలు దిగాయి. కొన్ని ఇంగ్లిషు అనువాదాలు. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసిన మామూలు సిపాయిలు రాసుకున్న జ్ఞాపకాలు... ఒకడు లారీ డ్రైవరు, ఒకడు టెలిఫోను తీగలు లాగినవాడు, ఒకడు గుర్రబ్బండి మీద వంట తీసుకెళ్లినవాడు.

కానీ పాతకాగితాల కొట్లో గట్టి అట్టలు ఉంచరు. మిల్లుకు కాగితం వేరు, అట్ట వేరు. పుస్తకాన్ని మోకాలి మీద పెట్టి రెండు వైపులా చీల్చేస్తారు. అట్టలతో పాటు ముందు పేజీలూ వెనక పేజీలూ పోతాయి. అలా నాకు దొరికిన వంటబండి సిపాయికి పేరు లేదు... ముగింపూ లేదు.

డిక్షనరీ పక్కన పెట్టుకుని ఎన్నిసార్లు చదివానో. అందులో జనరళ్లు లేరు. బూట్ల లోపల చుట్టుకునే తడిసిన కాలిగుడ్డలు, మంచులో కూరుకుపోయే చక్రాలు, వెళ్లేసరికి చల్లారిపోయే సూపు... కొన్ని రోజులు సూపు వేడిగానే చేరేది, తాగేవాళ్లే ఉండేవారు కాదు. నిండు బాన వెనక్కి తెచ్చుకున్న రోజులే తనకు భయమని రాశాడు. శత్రువుల చేతిలో పడ్డ ఊళ్లో అతని భార్య ఉంది. ఆమె సంగతే తెలియదు.

నా దగ్గరున్న చివరి పేజీలో అతని బండి ఒక వంతెన ఎక్కుతోంది. అవతలి ఒడ్డున కాల్పులు. వాక్యం సగంలో పేజీ అయిపోయింది...

మళ్లీ కొట్టుకు వెళ్లినప్పుడు అడిగాను.

“బావా, దీని వెనక కాగితాలు కావాలి.”

“అయ్యెప్పుడో లారీ ఎక్కిపోనాయి నాన్నా! ఈపాటికి గుజ్జయిపోయి, మళ్లీ నీ లెక్కల పుస్తకమై వొచ్చేసుంటాయి. ఏటా ఏడుపు ముకం? ఆడు నీకేటి, సుట్టమా?”

చుట్టమే అనుకున్నాను.

పెళ్లయిన కొత్తలో నా భార్య ట్రంకుపెట్టె సర్దుతూ ఆ పుస్తకం పైకి తీసింది. ఆమె వన్ టౌన్ అమ్మాయి.

“ఏటండీ ఇది, బోడిగుండు పుస్తకం?”

కథంతా చెప్పాను. అతను వంతెన దాటాడో, అక్కడే పోయాడో ఇప్పటికీ తెలియదన్నాను. ఆమె చీపురు కింద పడేసి నవ్వింది.

“బతక్కపోతే పుస్తకం ఎలాగ రాసేడండీ? దెయ్యమై రాసేడేటి? ఇంత సదువుకున్నారు... ఆపాటి తోచలేదా!”

నిజంగానే తోచలేదు... చిన్నతనమంతా మోసిన భయం అలా దిగిపోయింది.

కాసేపు పోయాక ఆమే అంది. “ఆడు వొచ్చేడు, సరే. ఇంటికాడ ఆవిడుందో లేదో... అదీ తెలవాల.”

అప్పటి నుంచి ఆ ప్రశ్న మా ఇద్దరిదీ అయింది. సాయంత్రాలు ఆమె పెరట్లో చేపలు కడుగుతుంటే, నేను ఒక్కో పేజీ తెలుగులో చెప్పేవాణ్ణి. మధ్యలో ఆపేది. “సూపులో ఉప్పెక్కువైతే ఏటి సేసేవోడట?” అలాంటివి పుస్తకంలో ఉండవు. నేనే ఏదో కల్పించి చెప్పేవాణ్ణి. కనిపెట్టేసేది.

పోయినేడాది ఆసుపత్రి మంచం మీద ఉన్నట్టుండి అంది.

“ఉండే ఉంటాదిలెండి ఆవిడ. ఎదురుసూసే మనిషి ఎక్కడికి పోద్ది?”

ఆ పుస్తకం గురించి మేం మాట్లాడుకోవడం అదే ఆఖరు.

మొన్న ఏమీ తోచక, సిపాయి భార్య పేరు, గుర్రం పేరు, ఆ సగం వాక్యం ఫోన్‌లో టైప్ చేశాను. ఎవరో స్కాన్ చేసి పెట్టారు. పుస్తకం మొత్తం ఉంది... అట్టలతో సహా. అతని పేరు మొదటిసారి చూశాను.

చివరి అధ్యాయం చిన్నది. యుద్ధం అయ్యాక నడుచుకుంటూ ఊరు చేరాడు. ఆవిడ ఉంది. బావి దగ్గర నీళ్లు తోడుతోంది. గుర్తుపట్టలేదు. ఎవరు కావాలని అడిగింది. అతను తన పేరు చెప్పాడు...

అక్కడితో అయిపోయింది.

మా చిన్నప్పుడు పుస్తకానికి చివరి పేజీ దొరక్క కొట్ల చుట్టూ తిరిగేవాళ్లం. ఇప్పుడు ప్రతి పుస్తకానికీ చివరి పేజీ దొరుకుతోంది. అది విని “నాను సెప్పలేదేటి!” అనే మనిషే లేదు...

మీకూ ఇలా సగంలో ఆగిపోయిన పుస్తకం ఏదైనా ఉందా? ఎవరికి చదివి వినిపించేవారు? రాయండి. అన్నీ చదువుతాను... సాయంత్రాలు నాకు తీరికే.